పాత కొలనులోకి కొత్త గోల్డ్‌ఫిష్‌ను దించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఆరేళ్లుగా చూసుకుంటున్న తమ కొలనులోకి ఒక కొత్త గోల్డ్‌ఫిష్‌ను తెచ్చి, సంచిని అరగంట నీటిపై తేలనిచ్చి, వదిలేసింది. పదకొండో రోజున నేను వెళ్లేసరికి పద్నాలుగు పాత చేపల్లో తొమ్మిది గట్టు మీద పళ్లెంలో ఉన్నాయి. ఒకదాని మొప్ప మూతను వేలితో ఎత్తి చూస్తే, ముదురు ఎరుపులో ఉండవలసిన మొప్ప పాలిపోయి, అంచుల్లో తెల్లగా చివికిపోయి కనిపించింది. కొత్త చేప మాత్రం మనిషి నీడ పడగానే మేత కోసం పైకి వస్తోంది.

నీటిలో క్లోరిన్ తొలగించడం, అమ్మోనియా పరీక్షించడం వంటివి ఏళ్ల తరబడి కొలనును నిలబెట్టుకున్నవారికి చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు కొలనులను ఖాళీ చేసిన తప్పు ఒక్కటే: చేప చూడటానికి బాగానే ఉంది కదా అని దానిని నేరుగా కొలనులోకి వదలడం.

చూడటానికి బాగుండే చేపే ఎందుకు ప్రమాదం

గోల్డ్‌ఫిష్‌కు సోకే హెర్పిస్ వైరస్ ఒకటి ఉంది. 1992లో జపాన్‌లో మొదట బయటపడిన ఈ వ్యాధి నుంచి తేరుకున్న చేప ఏ లక్షణమూ లేకుండా వైరస్‌ను మోస్తూనే ఉండగలదు. నీరు దాదాపు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వ్యాధి విజృంభిస్తుంది, దానికి మందు లేదు. తెల్ల మచ్చల వ్యాధిది వేరే మోసం. ఒంటి మీద ఉప్పు రవ్వల్లా కనిపించే మచ్చలు రాలిపోగానే చేప కోలుకుందని సంతోషిస్తాము, కానీ రాలిన పరాన్నజీవి అడుగుకు చేరి, గూడు కట్టుకుని, వందల పిల్లలుగా విడిపోయి మళ్లీ చేపలను వెతుక్కుంటుంది. 25 డిగ్రీల నీటిలో వారం లోపే పూర్తయ్యే ఈ చక్రానికి 10 డిగ్రీల నీటిలో నెలకు పైగా పట్టవచ్చు. అందువల్ల చల్లని నీటిలో వారం రోజులు విడిగా ఉంచి, ఏమీ కనిపించలేదని కొలనులోకి వదలడమంటే అసలు విడిగా ఉంచకపోవడమే.

వేరే తొట్టి

కనీసం నాలుగు వారాలు, నీరు చల్లగా ఉంటే ఆరు వారాలు, కొత్త చేప వేరే తొట్టిలోనే ఉండాలి. 150 లీటర్లకు తగ్గని తొట్టి, గాలి పంపు, పైన గట్టి వల మూత ఉంటే చాలు. అయితే ఫిల్టర్ స్పాంజిని మాత్రం చేప రావడానికి నెల ముందే కొలను ఫిల్టర్‌లో పెట్టి, అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా దానిలో స్థిరపడనివ్వాలి. లేకపోతే చేప వ్యాధితో కాక తన విసర్జనతోనే విషమెక్కి చనిపోతుంది. దూరం నుంచి వచ్చిన చేప విషయంలో సంచి విప్పాక జాప్యం చేయకూడదు. మూసి ఉన్న సంచిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, అంటే నీరు ఆమ్లం వైపు మారి, అమ్మోనియా అణిగి ఉంటుంది, విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషంగా మారుతుంది. ఉష్ణోగ్రత సమం కావడానికి సంచిని విప్పకుండానే తేలనిచ్చి, విప్పిన వెంటనే చేపను మాత్రమే తీసుకోండి.

చివరి రెండు వారాలు మీ పాత చేపల్లో ఒకదానిని అదే తొట్టిలో తోడుగా ఉంచండి. ఈ మాట చాలామందికి కఠినంగా తోస్తుంది, నాకూ మొదట మనసొప్పలేదు. కానీ లక్షణాలు లేకుండా వ్యాధిని మోసే చేపను ఇంటి వద్ద పట్టుకునేందుకు ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు, ప్రమాదం ఒక్క చేపకే పరిమితమవుతుంది.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. సంచి నీటిని ఒక్క చుక్క కూడా కొలనులో పోయకండి. తొట్టికి వాడిన వల, బకెట్, గొట్టం కొలను దగ్గరకు తీసుకురాకండి. తడి చెయ్యి కూడా వ్యాధిని మోస్తుంది కాబట్టి ముందు కొలను పని ముగించి, తరువాతే తొట్టిని ముట్టుకోండి. తొట్టిలోని స్పాంజిని తిరిగి కొలను ఫిల్టర్‌లో పెట్టకండి. రెక్కల మొదళ్లలో దారపు ముక్కలా వేలాడే యాంకర్ పురుగు కోసం, ఒంటికి అంటుకుని జారే చేప పేను కోసం రోజూ చూడండి. కొత్త నీటి మొక్కలనూ విడిగానే ఉంచండి. పెద్ద చేప నోట్లో పట్టేంత చిన్న చేపను తేకండి. గుండ్రని ఒళ్లు, ఉబ్బిన కళ్లు ఉన్న రకాలను వేగంగా ఈదే కామెట్ రకం గోల్డ్‌ఫిష్‌లతో కలపకండి, వాటికి మేత దక్కదు. ఎండలు ముదిరి నీటిలో ఆక్సిజన్ తగ్గిన రోజుల్లో చేపను మార్చకండి. ముందు జాగ్రత్త పేరుతో కొలను మొత్తానికి మందు పోయకండి. నాలుగు వారాలు నిండకుండా, ఎవరు ఏమి చెప్పినా, నేరుగా వదలకండి. తొట్టిలో చేప ఒంటిని రాళ్లకేసి రుద్దుకున్నా, రెక్కలు ముడుచుకుని మూలన ఉన్నా, ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టండి. తోడుగా ఉంచిన చేప చనిపోతే కొత్త చేప ఇక ఎప్పటికీ ఆ కొలనులోకి వెళ్లకూడదు. దానిని చెరువులోనో కాలువలోనో వదిలిపెట్టడం అంతకన్నా పెద్ద తప్పు, అక్కడి చేపలకు వేరే తొట్టి ఉండదు.