కొండ ఎక్కే ముందు దారి గుర్తులు చూసుకోండి

వానలు తగ్గాయి. కార్తీకంలో కొండవీడు, కొండపల్లి కొండలెక్కాలనుకునేవాళ్లకు:

– గుర్తు కనబడకపోతే ముందుకు వెళ్లొద్దు, చివరి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. ‘ఎటు దిగినా ఊరే కదా’ అని పొదల్లోకి దిగితే మధ్యలో నిటారు బండలు అడ్డొస్తాయి. అప్పుడు ఎక్కలేరు, దిగలేరు. అసలు ప్రమాదం ఇదే.

– మేకల బాటలు అచ్చం దారిలాగే ఉండి పొదల్లో ఆగిపోతాయి. దారి చీలిన చోట రాతి మీద బాణం, చెట్టు మీద రంగు వెతకండి.

– చీలిక దాటాక వెనక్కి తిరిగి ఫోటో తీసుకోండి. దిగేటప్పుడు అదే దారి కొత్తగా కనిపిస్తుంది.

– వానలకు పెరిగిన గడ్డి కింది గుర్తులను కప్పేస్తుంది. కిందటేడు వెళ్లొచ్చాం కదా అన్న ధీమా వద్దు.

– సొంతంగా బాణాలు గీయకండి. వెనకొచ్చేవాళ్లు నమ్మి దారి తప్పుతారు.

– టార్చ్ తప్పనిసరి. నవంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది.