మలక్కాలో యుద్ధం, రాయచోటిలో ఫోను: ఆసియా యుద్ధంపై నవల రాయాలంటే

రేపెప్పుడో ఆసియాలో ప్రపంచ యుద్ధం వస్తే ఎట్లుంటుందో నవలగా రాయాలనుకునేవాళ్లు చాలామంది మొదటి పేజీలోనే క్షిపణి వదులుతారు. దానికన్నా ముందు పెద్ద మ్యాపు ఒకటి గోడకు తగిలించి, పక్కన 30 రోజుల పట్టిక గీసుకోండి. రోజుకు మూడు గడులు: సముద్రం మీద ఏం జరిగింది, ఢిల్లీ ఏం ప్రకటించింది, మన ఊళ్లో ఏం మారింది. మూడో గడి వరసగా ఐదారు రోజులు ఖాళీగా ఉంటే కథ దారి తప్పినట్టే.

దూరం లెక్కగట్టకుండా ఒక్క ఓడనూ కదిలించొద్దు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, సుమారు 1,200 కిలోమీటర్లు; దాదాపు 650 నాటికల్ మైళ్లు. గంటకు 16 నాటికల్ మైళ్ల చొప్పున పోయే నౌకకు 40 గంటలు పడుతుంది. పొద్దున విశాఖలో లంగరెత్తిన నౌక సాయంత్రానికల్లా అండమాన్‌లో పోరాడితే తెలిసిన పాఠకుడు ఇక నమ్మడు. ఆ 40 గంటలను దాటేయకండి. ఆ నౌకలో, ఇంటికి ఫోను చేసే వీల్లేని కుర్రాడి మనసులో ఏముందో రాయడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

మలేసియా, ఇండోనేషియాల మధ్య ఓడలు పోయే మలక్కా జలసంధి దారి సింగపూర్ దగ్గర ఒకచోట 3 కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. అది మూసుకుంటే ఓడలన్నీ ఆగిపోవు. సుందా, లాంబాక్ జలసంధుల మీదుగా చుట్టు తిరుగుతాయి. రోజులు పెరుగుతాయి, బీమా పెరుగుతుంది, కిరాయి పెరుగుతుంది. ఇండోనేషియా, మలేసియాల నుంచి రావలసిన పామాయిల్ కర్నూలు కిరాణా కొట్లో మాయం కాదు, ముందు ధర మారుతుంది.

డీజిల్ దగ్గర చాలా చిత్తుప్రతులు తప్పుతాయి. విశాఖ, మంగళూరు, పాదూరులలోని భూగర్భ ముడిచమురు నిల్వల సామర్థ్యం 53.3 లక్షల టన్నులు. నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజులకు వస్తుందని అంచనా; రిఫైనరీల దగ్గర ఉండే సరుకు దీనికి అదనం. కాబట్టి అనంతపురం బంకులో రెండో రోజే ‘నో స్టాక్’ బోర్డు పెట్టాలంటే కారణం చమురు అయిపోవడం కాదు, జనం క్యాన్లు పట్టుకుని ఎగబడటం. యుద్ధం జూన్‌లో మొదలైతే ఆ వరసలో శనక్కాయ విత్తడానికి ట్రాక్టరు కోసం నిలబడ్డ రైతును పెట్టండి. డీఏపీ ఎరువు బస్తా కష్టాలూ అదే నెలలో వస్తాయి.

రాయచోటి, రాజంపేట వైపు రాసేవాళ్ల దగ్గర మంచి సామగ్రి ఉంది: ఆ వైపు నుంచి చాలామంది పనికి పోయే కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక, సుమారు 1.7 లక్షల మంది భారతీయులు ఇల్లు చేరారు. వాళ్లలో ఎక్కువమంది రోడ్డున జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో వచ్చారు. అప్పుడు తిరిగొచ్చిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే దగ్గర కూర్చుని అడగండి. ‘భయమేసిందా’ అని అడిగితే ‘వేసింది’ అంటారు, అంతే. సంచిలో ఏం పెట్టుకున్నారు, నీళ్లు ఎక్కడ దొరికాయి, చేతిలోని దినార్లు ఏమయ్యాయి అని అడగండి. అప్పుడు, కువైట్‌లో ఉన్నవాళ్లతో ఇంటివాళ్లు ఫోనులో మాట్లాడే సంభాషణ ఇట్లా వస్తుంది (కఫీల్ అంటే అక్కడ పనికి పెట్టుకున్న యజమాని):

“దుడ్లు యాడన్నా పోనీ, నువ్వైతే వచ్చెయ్యి. పాసుపోర్టు నీ చేతిలో ఉందా, కఫీల్ కాడ ఉందా?”

రెండు పేజీల యుద్ధ వర్ణన చేయలేని పని ఈ ఒక్క ప్రశ్న చేస్తుంది.

హోదాలు కలిపేయకండి. సైన్యంలో కెప్టెన్ చిన్న అధికారి. నౌకాదళంలో కెప్టెన్ సైన్యంలోని కల్నల్‌తో సమానం. అణుబాంబు జోలికి పోతే, ముందుగా ప్రయోగించబోమని భారత్, చైనా రెండూ ప్రకటించాయని గుర్తుంచుకోండి. మీ కథలో ఆ మాట తప్పితే ఎవరు, ఏ ఒత్తిడిలో తప్పారో అధ్యాయాల ముందు నుంచే పేర్చుకు రావాలి.

చిత్తుప్రతి పూర్తయ్యాక పదవీ విరమణ చేసిన జవానుకు సైనిక అధ్యాయాలు మాత్రమే ఇవ్వండి. రహస్యాలు అడగొద్దు. బూట్లు, భోజనం, సెలవు రద్దయిన కబురు అందే తీరు, గుంతకల్లులో రైలెక్కేటప్పుడు ఇంటివాళ్లతో మాట్లాడే మాటలు, ఈ నాలుగింటి పక్కన ఆయన పెన్సిల్‌తో గీత గీసిన ప్రతిచోటా తిరగరాయండి.