కీ బయటపడితే ముందు కీ రద్దు చేయండి: అక్టోబర్ పుల్ రిక్వెస్టులకు ముందు జాగ్రత్తలు

2025 సెప్టెంబర్‌లో షాయ్ హులూద్ అనే వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) ఎన్‌పీఎంలో, అంటే జావాస్క్రిప్ట్ కోడ్ ప్యాకేజీలు దొరికే చోట, 500కు పైగా ప్యాకేజీలకు పాకింది. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుండగానే అది కంప్యూటర్ అంతా గాలించేది. గిట్‌హబ్ టోకెన్లు, ఎన్‌పీఎం టోకెన్లు, క్లౌడ్ కీలు, అంటే పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య సంకేతాలు, ఏవి దొరికితే అవి ఏరుకుని, బాధితుడి గిట్‌హబ్ అకౌంట్‌లోనే అందరికీ కనిపించే ఒక పబ్లిక్ రెపో (కోడ్ నిల్వ) తెరిచి అందులో పెట్టేది. ఎన్‌పీఎం టోకెన్ దొరికిందంటే, ఆ మనిషి చేతిలో ఉన్న మిగతా ప్యాకేజీల్లోకి కూడా తనే దూరేది. నవంబర్‌లో ఇంకో విడత వచ్చింది.

ఏటా అక్టోబర్ దగ్గర పడగానే బతుకమ్మ, దసరా సెలవులు వస్తాయి. హనుమకొండ, కాజీపేట హాస్టళ్లలో ఉండే ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది మొదటి పుల్ రిక్వెస్ట్ (వేరేవాళ్ల ప్రాజెక్టులో మన మార్పును కలుపుకోమని అడగడం) పెట్టేది ఈ రోజుల్లోనే, హాక్టోబర్‌ఫెస్ట్ అనే అక్టోబర్ ఓపెన్ సోర్స్ పండుగ పేరుతోనే. గిట్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఫోర్క్ అంటే ఏమిటి వంటివి ఇక్కడ రాయడం లేదు. అవి చెప్పే వీడియోలు తెలుగులోనే కావలసినన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు వదిలేసే ఒక్క సంగతి ఉంది: కీ బయటపడితే ముందు ఏం చేయాలి. పిల్లలు ఆగమయ్యేది దాని దగ్గరే.

తప్పు ఎక్కడ జరుగుతుంది

కీ పొరపాటున పబ్లిక్ రెపోలోకి పోతుంది. అది ఎవరికైనా జరుగుతుంది. అసలు తప్పు ఆ తర్వాతి పది నిమిషాల్లో జరుగుతుంది. గుండె దడతో ఫైల్ డిలీట్ చేస్తారు, ఇంకో కమిట్ (మార్పుల నమోదు) పెడతారు, 'హమ్మయ్య, పోయింది' అనుకుని పడుకుంటారు. కీ మాత్రం బతికే ఉంటుంది. గిట్‌గార్డియన్ సంస్థ లెక్క ప్రకారం 2024లో ఒక్క ఏడాదిలోనే గిట్‌హబ్ పబ్లిక్ రెపోల్లో కొత్తగా 2 కోట్ల 37 లక్షలకు పైగా రహస్యాలు (కీలు, పాస్‌వర్డ్లు) బయటపడ్డాయి. అంతకంటే భయపెట్టే లెక్క ఇంకొకటి ఇచ్చారు: 2022లో బయటపడ్డ వాటిలో 70 శాతం ఈ లెక్క తీసే నాటికీ పనిచేస్తూనే ఉన్నాయి. అంటే వాటిని ఎవరూ రద్దు చేయలేదు.

తాళంచెవి దొంగ చేతిలో పడ్డాక అది పడిన చోటు ఊడ్చి ఏం లాభం? తాళం మార్చాలి. ముందు కీ రద్దు. ఫైల్ సంగతి తర్వాత.

డిలీట్ ఎందుకు పనికిరాదు

ఫైల్ తీసేసి కొత్త కమిట్ పెడితే పాత కమిట్ చరిత్రలో అలాగే ఉంటుంది. ఇది చాలామందికి తెలుసు. అందుకే కొంచెం తెలిసినవాళ్లు చరిత్ర తిరగరాసి ఫోర్స్ పుష్ చేస్తారు, అంటే పాతదాని మీద కొత్తదాన్ని బలవంతంగా పంపుతారు. అప్పుడు ఏమవుతుందో మీ పుల్ రిక్వెస్ట్ పేజీ తెరిచి చూడండి. 'ఫోర్స్ పుష్డ్' అని ఒక లైన్ వస్తుంది. అందులో పాత కమిట్ నంబర్, కొత్త కమిట్ నంబర్ పక్కపక్కనే ఉంటాయి, రెండూ లింకులే. పాత నంబర్ నొక్కితే మీరు దాచాలనుకున్న ఫైల్ ఉన్నది ఉన్నట్టు తెరుచుకుంటుంది. దాచబోయి దారి చూపించినట్టవుతుంది.

ఫోర్క్ (మీ అకౌంట్‌లోని కాపీ) మొత్తం డిలీట్ చేసినా ఇంతే. గిట్‌హబ్‌లో ఫోర్కులు, అసలు రెపో అన్నీ ఒకే నిల్వను పంచుకుంటాయి. ఒకసారి పుల్ రిక్వెస్ట్ తెరిచారంటే మీ కమిట్లు అసలు రెపో వైపున కూడా నమోదవుతాయి. వాటిని మీరు తీయలేరు, అసలు రెపోను చూసుకునే మెయింటైనర్ కూడా తీయలేడు. గిట్‌హబ్ సపోర్ట్‌కు రాసి తీయించుకోవాలి. మెయింటైనర్ స్క్వాష్ చేసి (కమిట్లన్నీ ఒకటిగా కుదించి) మెర్జ్ చేసినా (కలుపుకున్నా) పుల్ రిక్వెస్ట్ పేజీలో విడి కమిట్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఇష్యూలో (రెపోలో తప్పులు తెలిపే, సాయం అడిగే పోస్టులో) టోకెన్ పేస్ట్ చేసి, వెంటనే ఎడిట్ చేశారనుకుందాం. పైన 'ఎడిటెడ్' అనే మాట వస్తుంది. దాన్ని నొక్కితే పాత రూపం కనిపిస్తుంది. ఆ పాత రూపాన్ని చరిత్ర నుంచి విడిగా డిలీట్ చేసే వీలుంది, చేయండి. కానీ మీరు ఇష్యూ పెట్టిన క్షణంలోనే ఆ రెపోను వాచ్ చేస్తున్నవాళ్లకు మెయిల్ వెళ్లింది. మెయిల్‌ను వెనక్కి పిలిపించలేరు.

మీరు తుడిచేలోపు ఎవరు చూస్తారులే అనుకోవద్దు. పబ్లిక్ కమిట్లను రాత్రీ పగలూ జల్లెడ పట్టే బాట్లు ఉన్నాయి. వాటికి నిమిషాలు చాలు. ముందు కీ రద్దు.

ఏ కీని ఎక్కడ రద్దు చేయాలి

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కీ అయితే, యూజర్లను, కీలను చూసుకునే ఐఏఎమ్‌లోకి వెళ్లి ఆ యాక్సెస్ కీని ఇన్‌యాక్టివ్ చేయండి. అక్కడితో ఆగకండి. దొంగ చేతికి కీ చిక్కగానే తనకో కొత్త యూజర్‌ని సృష్టించుకోవచ్చు. ఐఏఎమ్‌లో మీరు పెట్టని యూజర్లు, మీరు పెట్టని కీలు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఈసీ2లో (అద్దె మెషిన్లు ఉండే చోట) ఒక్కో రీజియన్ తెరిచి నడుస్తున్న మెషిన్లు వెతకండి. మీరు వాడేది ముంబై రీజియనే కావచ్చు, క్రిప్టో మైనింగ్‌కి వాళ్లు పెద్ద మెషిన్లు తెరిచేది మీరు ఎన్నడూ చూడని రీజియన్లలో. ఏడబ్ల్యూఎస్ తనంతట తాను గుర్తించి హెచ్చరిక మెయిల్ పంపినా, కొన్ని పనులకు అడ్డుకట్ట వేసినా, కీ చచ్చిపోయినట్టు కాదు. బిల్లు వచ్చిందంటే ఆ రోజే సపోర్ట్ కేసు తెరవండి. బిల్లింగ్ కేసు తెరవడానికి పైసలు కట్టే ప్లాన్ అక్కర్లేదు.

నాన్న కార్డు పెట్టిన అకౌంట్ అయితే ఇంకో మాట. ఆటో డెబిట్ 15,000 రూపాయలు దాటితే అదనపు ధ్రువీకరణ కావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది కాబట్టి పెద్ద మొత్తం కార్డులోంచి కట్ కాకపోవచ్చు. కట్ కాలేదంటే బిల్లు లేదని కాదు, బాకీ మీ పేరున కూర్చుంటుంది. ఇంట్లో దాచకండి. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవడం మంచిదే, కానీ అది మెయిల్ మాత్రమే పంపుతుంది, ఖర్చును ఆపదు.

మాంగోడీబీ అట్లాస్ (క్లౌడ్ డేటాబేస్) అయితే కనెక్షన్ లైన్‌లోనే పాస్‌వర్డ్ ఉంటుంది. ప్రాజెక్టుల్లో ఇది తేలిగ్గా జారిపోతుంది, ఎందుకంటే అది చూడ్డానికి కీలా ఉండదు, మామూలు అడ్రస్‌లా ఉంటుంది. డేటాబేస్ యాక్సెస్‌లో పాస్‌వర్డ్ మార్చండి. నెట్‌వర్క్ యాక్సెస్‌లో నాలుగు సున్నాల అడ్రస్ పెట్టి లోకమంతటికీ తలుపు తెరిచి ఉంటే అది తీసేయండి. టెలిగ్రామ్ బాట్ అయితే బాట్లను చూసుకునే బాట్‌ఫాదర్‌కు రివోక్ కమాండ్ పంపండి. జీమెయిల్ యాప్ పాస్‌వర్డ్ గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో డిలీట్ అవుతుంది. గూగుల్ ఏపీఐ కీ క్లౌడ్ కన్సోల్‌లో క్రెడెన్షియల్స్ దగ్గర.

ఇవన్నీ అయ్యాకే ఫిల్టర్ రెపో అనే పనిముట్టుతో చరిత్ర శుభ్రం చేయడం, గిట్‌హబ్ సపోర్ట్‌కు రాయడం. ఈ వరస తిరగబడితే లాభం లేదు.

సాయం అడిగేటప్పుడు

కోడ్ పంపేటప్పుడు ఉన్న జాగ్రత్త, ఎర్రర్ వచ్చి సాయం అడిగేటప్పుడు ఉండదు. విసుగులో ఉంటారు, లాగ్ మొత్తం ఎత్తి పేస్ట్ చేస్తారు. లాగ్‌లో ఏముంటుందో చూడండి. గిట్ రిమోట్ అడ్రస్ చూపించే కమాండ్, మీరు టోకెన్‌తో క్లోన్ చేసి ఉంటే ఆ టోకెన్‌ను కూడా చూపిస్తుంది. డాకర్ ఇన్‌స్పెక్ట్ అవుట్‌పుట్‌లో కంటైనర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కీలు తరచూ ఉండేది వీటిలోనే) అన్నీ వస్తాయి. జూపిటర్ నోట్‌బుక్‌లో సెల్ నుంచి కీ తీసేసినా, కింద అవుట్‌పుట్‌లో ప్రింట్ అయినది ఫైల్‌లో అలాగే ఉంటుంది. అవుట్‌పుట్లన్నీ క్లియర్ చేసి సేవ్ చేయాలి. బ్రౌజర్ నుంచి తీసే హార్ ఫైల్‌లో (బ్రౌజర్‌కు, సైట్‌కు మధ్య నడిచినదంతా నమోదైన ఫైల్) లాగిన్ కుకీలు ఉండొచ్చు. 2023 అక్టోబర్‌లో లాగిన్ సేవల సంస్థ ఆక్టా కస్టమర్లకు దెబ్బ తగిలింది సపోర్ట్‌కు పంపిన ఇలాంటి హార్ ఫైళ్ల వల్లే.

అందుకే లాగ్‌ను ముందు నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. టోకెన్, పాస్‌వర్డ్, అథరైజేషన్, కుకీ అనే ఇంగ్లిష్ మాటలు ఒక్కొక్కటిగా వెతకండి. మీ యూజర్ నేమ్, ఫోన్ నంబర్, మెయిల్ కూడా. దొరికిన చోట నక్షత్రాలు పెట్టండి. ఇంకా మంచి పద్ధతి, తప్పును మళ్లీ చూపించే అతి చిన్న కోడ్ కొత్త ఫోల్డర్‌లో రాయడం: పదిహేను ఇరవై లైన్లు, ఉత్తుత్తి డేటా, వెర్షన్ నంబర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, మీరు ఏం ఆశించారు, ఏం వచ్చింది. ఇందులో రహస్యం ఉండే అవకాశమే తక్కువ. పైగా మెయింటైనర్ జవాబిచ్చేది కూడా ఇలాంటి ఇష్యూలకే. చాలాసార్లు అది రాస్తుండగానే తప్పు ఎక్కడుందో మీకే దొరుకుతుంది.

జవాబు ఇచ్చిన ప్రతివాడూ మెయింటైనర్ కాదు. 2024 ఆగస్టులో గిట్‌హబ్ ఇష్యూల కింద 'ఇదిగో ఫిక్స్' అంటూ పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైళ్ల లింకులు కుప్పలుగా పెట్టారు. అవి తెరిస్తే పాస్‌వర్డ్లు దోచే లుమ్మా స్టీలర్. ఓపెన్ సోర్స్‌లో ఫిక్స్ అంటే మీరు చదవగలిగే కోడ్ మార్పు, జిప్ కాదు. పేరు పక్కన మెంబర్, ఓనర్, కొలాబరేటర్ అనే గుర్తు ఉందో లేదో చూడండి.

పుష్‌కు ముందు, ల్యాబ్‌లో, ఊళ్లో

- గిట్ యాడ్ డాట్ వాడకండి. ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. ఫైల్ పేరుతో యాడ్ చేయండి, లేదా పి ఆప్షన్‌తో ముక్కముక్క చూసి యాడ్ చేయండి.
- కమిట్‌కు ముందు స్టేజ్ చేసిన (యాడ్‌తో సిద్ధం చేసిన) తేడా ప్రతి లైన్ చదవండి.
- గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఎన్వ్ ఫైల్ (కీలు రాసుకునే ఫైల్) పేరు రాస్తే చాలనుకోవద్దు. అంతకుముందే గిట్ పట్టుకున్న ఫైల్‌ను అది వదలదు. క్యాష్డ్ ఆప్షన్‌తో గిట్ ఆర్ఎమ్ చేయాలి. అది కూడా ముందున్న చరిత్రను చెరపదు. అప్పటికే పుష్ అయి ఉంటే, కీ రద్దు.
- కోడ్‌లో రహస్యాలు వెతికే గిట్‌లీక్స్‌ను ప్రీ కమిట్ హుక్‌గా, అంటే ప్రతి కమిట్‌కు ముందు తనే నడిచేలా, పెట్టుకోండి.
- గిట్‌హబ్ పుష్ ఆపి 'ఇందులో రహస్యం ఉంది' అంటే, 'టెస్ట్ కోసమే' అని టిక్ పెట్టి దాటేయకండి. అది ఆపనంత మాత్రాన రహస్యం లేదని కూడా కాదు. తనకు తెలిసిన నమూనాలనే పడుతుంది, మీ డేటాబేస్ పాస్‌వర్డ్‌ను పోల్చుకోలేకపోవచ్చు.
- కాలేజీ ల్యాబ్‌లో, చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో గిట్‌హబ్‌కు లాగిన్ అయితే, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో మీ లాగిన్ దాగి ఉంటుంది. బ్రౌజర్‌లో లాగౌట్ చేస్తే అది పోదు. లేచే ముందు అందులోంచి గిట్‌హబ్ ఎంట్రీ తీసేయండి.
- ఆ కంప్యూటర్‌లో గిట్ పేరు, మెయిల్ ఎవరివి ఉన్నాయో ముందే చూడండి. లేకపోతే మీ కష్టం ఎవరో తెలియని సీనియర్ పేరు మీద పోతుంది.
- మెయిల్ సెట్టింగ్స్‌లో గిట్‌హబ్ ఇచ్చే నో రిప్లై అడ్రస్ వాడండి. ముఖ్యంగా చెల్లెళ్లు. కమిట్‌లో పడ్డ మెయిల్ అడ్రస్ ఎవరైనా చదవొచ్చు.
- టీమ్ మొత్తానికి ఒకే కీ వాట్సాప్ గ్రూప్‌లో పంచుకోవద్దు. దోస్తు పుష్ చేసినా బిల్లు మీకే.
- ఉద్యోగం ఇస్తామని, ముందు ఈ రెపో నడిపి చూపించమని లింక్డ్‌ఇన్‌లో ఎవరైనా అడిగితే మీ ల్యాప్‌టాప్‌లో నడపకండి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నొక్కడమే వాళ్లకు కావాలి. ఇన్‌స్టాల్‌లో స్క్రిప్టులు నడవకుండా ఆపే ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఆప్షన్ కొంతవరకే కాపాడుతుంది.
- వీఎస్ కోడ్ 'ఈ రచయితలను నమ్ముతారా' అని అడిగితే, తెలియని ఫోల్డర్‌కు నో చెప్పండి.
- టోకెన్‌కు గడువు పెట్టండి. ఒక్క రెపోకే అనుమతి ఇవ్వండి. 'నో ఎక్స్‌పైరీ' వద్దు.
- టూ ఫ్యాక్టర్ ఆన్ చేసి రికవరీ కోడ్లు కాగితం మీద రాసుకోండి. సెలవుల్లో ఫోన్ పోతే అవే దిక్కు.
- రీడ్‌మీలో మీ పేరు చేర్చి పుల్ రిక్వెస్ట్ పెట్టకండి. 2020 అక్టోబర్‌లో ఈ చెత్త వరదలా రావడం వల్లే, ఒప్పుకున్న రెపోలకే హాక్టోబర్‌ఫెస్ట్ పరిమితమైంది.
- ప్యాకేజీలో భద్రతా లోపం కనిపిస్తే పబ్లిక్ ఇష్యూ పెట్టకండి. సెక్యూరిటీ ఫైల్ చదివి ప్రైవేట్‌గా పంపండి.
- మెయింటైనర్‌ను 'ఎప్పుడు మెర్జ్ చేస్తారు సార్' అని రోజూ అడగకండి.
- ఒకరి కీ వాళ్ల రెపోలో కనిపిస్తే ఇష్యూ పెట్టి ఊరంతా చాటకండి. విడిగా చెప్పండి. చెప్పేటప్పుడు ఫైల్ డిలీట్ చేయమని కాదు, కీ రద్దు చేయమని చెప్పండి.
- సెలవులకు ఊరికి పోయే ముందు, ఈ నెలలో వాడిన ప్రతి కీ పేరు, దాన్ని ఎక్కడ రద్దు చేయాలో ఒక కాగితం మీద రాసుకోండి. కీ మాత్రం ఆ కాగితం మీద రాయకండి. నర్సంపేటలోనో పరకాలలోనో ఉన్నప్పుడు అర్ధరాత్రి హెచ్చరిక మెయిల్ వస్తే ఫోన్ బ్రౌజర్‌లోనే ఆ పేజీ తెరిచి రద్దు చేయొచ్చు. ల్యాప్‌టాప్ దొరికేదాకా ఆగకండి.