చిన్న కారుకి ఎల్‌పీజీ ట్యాంకు: ఆర్‌సీలో ఎక్కించుకునే విధానం

పెట్రోల్ కారుకి గ్యాస్ కిట్టు బిగించాక "ఆర్‌సీ సంగతి మేం చూసుకుంటాం, మీరు వెళ్లండి" అనే షాపులు మన డెల్టాలో చాలానే ఉన్నాయి. కొందరు నిజంగానే చూస్తారు. చూడనివాళ్ల కస్టమర్లు ఆర్టీవో ఆఫీసు మెట్ల దగ్గర బ్రోకర్లకి దొరుకుతారు.

పని మామూలుదే. ఇంధనం మార్చడమంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద బండిలో మార్పు చేసినట్టే. మార్పు చేసిన 14 రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేయాలి. రవాణా శాఖవారి పరివాహన్ సైటులో ఆల్టరేషన్‌కి (బండిలో మార్పుకి) దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, కిట్టు బిల్లు, కిట్టు టైప్ అప్రూవల్ (ఆ కిట్టు ఫలానా మోడళ్లకి పనికొస్తుందని పరీక్షించి ఇచ్చిన ఆమోదం) కాపీ, వర్క్‌షాపు ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, ట్యాంకు సర్టిఫికెట్ ఉండాలి. బండి మీద ఫైనాన్సు ఉంటే వాళ్ల ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) కూడా. అప్రూవల్ కాపీలో మీ బండి మోడల్ ఉందో లేదో, గడువు తీరిందో లేదో డబ్బులిచ్చే ముందే చూసుకోండి. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లకి కిట్టు పెట్టించుకునే వీలు 2022లో వచ్చింది. పాత అప్రూవల్ కాగితం వాటికి పనికిరాదు.

చాలామంది ఆగిపోయేది ట్యాంకు దగ్గర. చిన్న కార్ల డిక్కీలో పొడుగు సిలిండరు పెడితే రెండు కొబ్బరికాయల బస్తాలకి కూడా చోటు మిగలదు. అందుకని స్టెప్నీ గుంటలో పట్టే గారె ఆకారపు ట్యాంకు అడుగుతారు. మంచిదే. కానీ షాపులో ఆ సైజు లేకపోతే వేరే బండి నుంచి విప్పింది తెచ్చి బిగించి, కాగితం మాత్రం కొత్త ట్యాంకుది ఇస్తారు. ఒక్కోసారి ట్యాంకు అసలుదే అయినా, నంబరు కొట్టిన ప్లేటు గుంటలో అడుగువైపు పడి కనిపించదు. నంబరు చదవలేకపోతే ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టరు. ఆయన్ని తప్పుపట్టలేం.

అందుకే ట్యాంకు గుంటలోకి దించకముందే మీరు దగ్గరుండండి. ప్లేటు మీద తయారీదారు పేరు, సీరియల్ నంబరు, లీటర్లు, పరీక్ష చేసిన నెల, సంవత్సరం ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి సర్టిఫికెట్, ఫిట్‌మెంట్ కాగితం, బిల్లు పక్కన పెట్టి అంకె అంకె కలపండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడికక్కడే మార్పించండి, తర్వాత షాపువాడు ఫోన్ ఎత్తడు. ప్లేటు పైకి కనిపించేలా బిగించమని గట్టిగా చెప్పండి. ట్యాంకు వాల్వు డబ్బా నుంచి గొట్టం బండి బయటికి వెళ్లిందో లేదో కూడా చూడండి. లీకైతే గ్యాస్ లోపల నిలవకూడదనే ఆ ఏర్పాటు.

40 లీటర్ల ట్యాంకులో 32 లీటర్లే పడుతోందని కంగారుపడక్కర్లేదు. 80 శాతం దగ్గర వాల్వు దానంతటదే ఆపేస్తుంది. ఆ వాల్వు తీసేసి "ఫుల్" చేస్తామనేవాళ్ల దగ్గరకీ, ఇంటి సిలిండరు నుంచి ఎక్కిస్తామనేవాళ్ల దగ్గరకీ వెళ్లకండి. రెండోది నేరం కూడా.

ఆర్‌సీ చేతికొచ్చాక ఇంధనం దగ్గర పెట్రోల్/ఎల్‌పీజీ అని ఉందో లేదో చూసుకుని, ఆ కాపీ ఇన్సూరెన్సు కంపెనీకి పంపండి. ప్రీమియం కొంచెమే పెరుగుతుంది. పంపకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ పెడతారు.

ట్యాంకుకి ఐదేళ్లకోసారి పరీక్ష ఉంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి, వానాకాలం అయ్యాక స్టెప్నీ గుంటలో నీళ్లు నిలిచాయేమో ఓసారి మ్యాటెత్తి చూడండి.