కొత్తగా మొదలైన మోకాలి నొప్పి: పేరు పెట్టేముందు గమనించవలసినవి

నలభై దాటినవారు ఒక ఉదయం మంచం దిగుతూ మోకాలు పట్టుకుని ఆగిపోతే, ఇంట్లో వెంటనే వినిపించే తీర్పు ఒకటే: గుజ్జు అరిగిపోయింది. వాతమనేవారు, కాల్షియం తగ్గిందనేవారు కూడా ఉంటారు. ఆ తీర్పును బట్టే తరువాతి నడవడి ఉంటుంది. అరిగినదాన్ని ఇంకా అరగదీయకూడదన్న భయంతో మనిషి నడక తగ్గిస్తాడు, మెట్లు మానేస్తాడు, కొన్ని వారాల్లోనే తొడ ముందుభాగపు కండరం బలహీనపడుతుంది, అంతవరకు ఆ కండరం పంచుకున్న భారం కీలు మీద పడి నొప్పి పెరుగుతుంది, దాన్ని చూసి అరుగుదల ముదిరిందని అందరూ నమ్ముతారు. కాబట్టి పేరు పెట్టే పనిని కొన్నాళ్లు పక్కన పెట్టి, నొప్పి ఎలా వచ్చిందో, ఎప్పుడు పెరుగుతోందో చూడటం మేలు.

అయితే చూస్తూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మోకాలు వాచి, చెయ్యి పెడితే వేడిగా తగులుతూ, జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అది కొద్ది రోజుల్లోనే కీలును పాడుచేయగలదు కనుక అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బ తగిలిన తరువాత నాలుగు అడుగులు వేయలేకపోయినా, మడిచిన మోకాలు ఇరుక్కుపోయి చాపడానికి రాకపోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా ఆలస్యం చేయకూడదు. మోకాలు నొప్పి అంటూ కుంటే పిల్లలకు తుంటి కీలును కూడా పరీక్ష చేయించాలి, ఎందుకంటే తుంటిలోని జబ్బు మోకాలి దగ్గర నొప్పిగా తెలియడం కద్దు.

ఇవేవీ లేనప్పుడు, అంతకు ముందు వారం రోజుల్లో కాలికి అలవాటు లేని పని ఏం పడిందో గుర్తు చేసుకోవాలి. ఏడాదంతా కుర్చీలో పనిచేసే మనిషి అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి, మోకాళ్ల పర్వతం దాటి తిరుమల చేరితే, మర్నాడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి పుట్టడంలో వింత లేదు. ఆ నొప్పి మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువగా ఉంటుంది, భారం తగ్గిస్తే క్రమంగా సర్దుకుంటుంది. కాలు మెలిపడి గంట రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరిందని, లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగి ఉండవచ్చని అనుమానించాలి. మర్నాటికి నెమ్మదిగా వచ్చే వాపు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) దెబ్బతిన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దున్నే పట్టేసిన కీలు అరగంటలోపు వదిలితే వయసుతో వచ్చే మార్పు కావచ్చు, గంట దాటినా వదలకపోతే కీళ్లవాతం పరీక్షలు అవసరం. జ్వరం తగ్గాక చాలా కీళ్లు ఒక్కసారి పట్టేస్తే, 2006లో రాయలసీమ పల్లెలు చూసిన చికున్‌గున్యా గుర్తుకు రావాలి. నొప్పి లేని టకటక శబ్దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఎమ్మారై స్కానింగ్ కోసం తొందరపడటం కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్లవారిని స్కాన్ చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మెనిస్కస్ చిరిగి ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో ఏ నొప్పీ లేదు. రిపోర్టులో ఉన్న మాటే నొప్పికి కారణమని అనుకోవడానికి లేదన్నమాట.

ఇంట్లో చేయవలసినది పూర్తి విశ్రాంతి కాదు, భారం తగ్గించి కదలిక నిలుపుకోవడం. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం కొన్నాళ్లు మాని, పూజకైనా భోజనానికైనా కుర్చీ వాడాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. కర్రను నొప్పి లేనివైపు చేత్తో పట్టుకోవాలి. మన పెద్దవారిలో చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు, దానివల్ల కీలుకు దక్కే ఊరట తక్కువ. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి అయిదు సెకన్లు ఉంచి వదలడాన్ని పదిసార్లు, పూటకోసారి చేస్తే కండరం నిలబడుతుంది. నడిచినప్పుడు కాస్త నొప్పి తెలిసినా మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి వస్తే ఆ నడక సరిపడినట్లే, రాకపోతే దూరం తగ్గించుకోవాలి. బరువు ఎక్కువగా ఉన్నవారు ఒక కిలో తగ్గినా అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది.

మందుల్లో ముందుగా పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడవచ్చు. నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ నష్టం, గుండె ఇబ్బంది వచ్చే ప్రమాదముంది. షుగరు, బీపీ ఉన్నవారు, ఉద్దానంలా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు డాక్టరు చెప్పనిదే వాటిని ముట్టకూడదు. పొట్లం కట్టి ఇచ్చే పేరులేని మాత్రతో ఒక్క పూటలో నొప్పి మాయమైతే, అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించడమే న్యాయం.

రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఎముకల డాక్టరును కలవాలి. అక్కడ ‘మోకాళ్లు నొప్పులండీ’ అని ఆపేయకుండా, నొప్పి ఒక వేలితో చూపించగల చోట ఉందా లేక మోకాలంతా ఉందా, ఏ పని చేస్తే పెరుగుతోంది అన్నవి చెప్పి, అప్పటికే వాడిన మాత్రల అట్టలు చూపించాలి. రెండు మోకాళ్లను పక్కపక్కన పోల్చి చూస్తేనే కొద్దిపాటి వాపు తెలుస్తుంది కనుక, రెండు కాళ్లకూ మోకాళ్ల పైదాకా మడవడానికి వీలైన వదులు బట్టలు వేసుకుని వెళ్లాలి.