ముందు షాకప్స్ కూర్చుండిపోయాయా? ఆయిల్ పోసే ముందు టేపు పట్టండి

పాత బండి ముందు భాగం దిగిపోయిందని షాపుకి తీసుకెళ్తే మొదట వినపడే మాట: "చిక్కటి ఆయిల్ పోసేద్దాం సార్". మా నాన్న 1999 స్ప్లెండర్‌కి అదే చేశారు. బండి వెంట్రుకవాసి కూడా పైకి లేవలేదు సరికదా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా దెబ్బ హ్యాండిల్ మీంచి నేరుగా భుజాల్లోకి వచ్చేది.

ఎందుకంటే బరువు మోసేది స్ప్రింగు. అది ఎంత వేగంగా దిగాలి, ఎంత వేగంగా లేవాలి అన్నదే ఆయిల్ చూసుకునేది. నిలబెట్టిన బండే కిందికి దిగి ఉంటే ఆయిల్ పలచబడిందని కాదు. గుంత దాటాక ముందు భాగం రెండు మూడుసార్లు ఊగుతుంటే మాత్రం ఆయిల్‌ని అనుమానించండి.

దిగిందని ఎలా తెలుస్తుందంటే, రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగు ఇదివరకటికన్నా దగ్గరలో పడుతుంది, సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ నిటారుగా నిలబడి అవతలికి పడిపోతుందేమోనని టెన్షన్ పెడుతుంది, చిన్న గుంతకే లోపల టక్కుమని ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వస్తుంది.

ఇక కొలవడం. సెంటర్ స్టాండ్ వేసి ఒకరిని వెనక సీటు మీద నొక్కమనండి, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పుడు డస్ట్ సీల్ (పైపు లోపలికి దూరే చోట ఉండే రబ్బరు రింగు) పై అంచు నుంచి కింది టీ (పైపులని పట్టుకునే బ్రాకెట్లు రెండిట్లో కిందది) వరకు మెరిసే పైపు ఎంత ఉందో కొలిచి రాసుకోండి. స్టాండ్ తీసి బండిని నిటారుగా పట్టుకుని మళ్లీ కొలవండి, తర్వాత మీరు ఎక్కి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి, ఇంకొకరితో మూడోసారి కొలిపించండి. మొదటి కొలతలోంచి మిగతావి తీసేస్తే ఎంత దిగిందో వస్తుంది. ఫోర్క్ (ముందు షాకప్స్ జత) మొత్తం కదలిక 120 మి.మీ. అనుకుంటే, మనిషి కూర్చున్నాక 30 నుంచి 40 మి.మీ. దిగడం మామూలే. ఖాళీ బండికి 15 నుంచి 25. మీరు కూర్చుంటే 50 దాటుతోందంటే ఏదో ఉంది.

ఆ మూడో కొలతని రెండు రకాలుగా తీయండి, చాలామంది వదిలేసేది దీన్నే. ఒకసారి హ్యాండిల్‌ని కిందికి నొక్కి మెల్లగా వదలండి, ఇంకోసారి పైకి లాగి మెల్లగా దిగనివ్వండి. రెండిటికీ 20 మి.మీ. పైన తేడా వస్తే స్ప్రింగు తప్పు కాకపోవచ్చు, పైపులు బిగుసుకుని లేవలేకపోతున్నాయి. యాక్సిల్ నట్టు, దాని పక్కన క్లాంపు ఉంటే అదీ వదులు చేసి, ఫోర్క్‌ని నాలుగైదుసార్లు నొక్కి వదిలి మళ్లీ బిగించండి. చక్రం వేసేటప్పుడు ఫోర్క్ కాళ్లు (రెండు షాకప్స్) వంకరగా బిగిస్తే ఇంతపనీ జరుగుతుంది. అప్పటికీ పోకపోతే పైపులు విప్పి గాజు పలక మీద దొర్లించి చూడండి, వంగిన పైపు ఎగిరెగిరి తిరుగుతుంది.

విప్పేలోపు ఒక్క చూపు పై టీ మీద వేయండి. ఎప్పుడో ఎవరో రిపేరు చేసి పైపులని పైకి జరిపి బిగించారేమో. అలా జరిపితే స్ప్రింగు బంగారంలా ఉన్నా ముందు భాగం కిందికే ఉంటుంది.

ఇవేవీ కాకపోతే స్ప్రింగు బయటికి తీయాల్సిందే. ముందు చక్రం గాల్లో ఉండాలి, ఇంజిన్ కింద గట్టి ఆసరా ఉండాలి. క్లాంపు ఉన్న బండైతే పై టీ క్లాంపు బోల్టు వదులు చేశాకే పైపు కొనన ఉండే క్యాప్ తిప్పండి. కొన్ని బండ్లకి క్యాప్ బదులు సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే ఇనుప రింగు) ఉంటుంది. ఏదైనా సరే, కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి మొహం దానిపైన పెట్టొద్దు, చివరి మరలు వచ్చేసరికి అరచేత్తో నొక్కిపట్టండి. స్ప్రింగు ఏ కొన పైకి ఉందో ఫోటో తీసుకోండి.

రెండు స్ప్రింగులనీ పక్కపక్కన నిలబెట్టండి. మా బండిలో ఎడమది కుడిదానికన్నా 8 మి.మీ. పొట్టిగా ఉంది, లెక్క అక్కడే తేలిపోయింది. మాన్యువల్‌లో ఇచ్చిన పొడవుకన్నా తగ్గితే జత మార్చండి, ఒక్కటే మార్చడం డబ్బు దండగ. పాత స్ప్రింగు పైన పీవీసీ పైపు ముక్క, రెండు కొనలా వాషర్లు పెట్టి నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఎత్తు వస్తుంది, కానీ మెత్తబడిన స్ప్రింగు గట్టిపడదు. పెడితే 10 మి.మీ. చాలు, రెండువైపులా సమానంగా. మరీ పొడుగు ముక్క పెడితే పెద్ద గుంతలో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనేస్తాయి.

ఎలాగూ తెరిచారు కాబట్టి ఆయిల్ కూడా మార్చండి, మాన్యువల్ చెప్పిన గ్రేడే. మా దాంట్లో బూడిదరంగు బురద వచ్చింది. కొత్తది పోశాక, స్ప్రింగు లేకుండా పైపుని అడుగుదాకా దించి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో స్కేలుతో చూడండి. ఫోర్క్ రెండు కాళ్లలో ఒకటే లెక్క ఉండాలి. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి సీల్స్ కారడం మొదలవుతుంది.

అంతా బిగించాక మళ్లీ టేపు పట్టండి. ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్ ఇప్పుడు ఎదుటివాడి కళ్లలో కొట్టొచ్చు, ఆ రాత్రే గోడ ముందు నిలబెట్టి చూసి, అవసరమైతే కిందికి దించుకోండి.