‘కంగారు పడకు’ అని మొదలుపెట్టకండి

2021 మే నెలలో విజయవాడ పటమటలోని మా ఇంట్లో ఫోను మోగితే ఎవరు తియ్యాలా అని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. మధ్యాహ్నం 12 కొట్టగానే కర్ఫ్యూ. బెంజ్ సర్కిల్ వైపు నుంచి అంబులెన్సు కూత తప్ప చప్పుడుండేది కాదు. మంచీ చెడ్డా అన్నీ ఫోన్లోనే. కోవిడ్ భయపెట్టింది సరే, కబురు చెప్పే తీరుతో మనమూ ఒకళ్ళనొకళ్ళం బాగానే హడలగొట్టుకున్నాం. మళ్ళీ అలాంటి కాలం వస్తే మాస్కులతో పాటు ఈ నాలుగు ముక్కలూ దగ్గర పెట్టుకోండి.

ఫోన్ తియ్యగానే "కంగారు పడకు" అనకండి. ఆ మాట విన్నాక కంగారు పడనివాళ్ళని నేనింతవరకు చూడలేదు. "నాన్నకి జ్వరం 100 ఉంది, లేచి తిరుగుతున్నారు, ఇందాకే రెండిడ్లీలు తిన్నారు" అని నేరుగా విషయంలోకి వెళ్ళండి. రాత్రి పదకొండింటికి "ఒకసారి ఫోన్ చెయ్యి" అని మెసేజ్ పెట్టి మీరు పడుకుంటే ఎలా? "అర్జెంటేం లేదు, పొద్దున్నే చెయ్యి" అని తగిలిస్తే అవతలివాళ్ళకీ నిద్ర పడుతుంది.

మాటల దగ్గర మన తెలుగుతో ఒక చిక్కుంది. మా చిన్నమావయ్య గుంటూరు ఆస్పత్రిలో పన్నెండు రోజులుండి డిశ్చార్జ్ అయ్యారు. ఆ సంబరంలో మా బావ చుట్టాల గ్రూపులో "నాన్న ఇందాకే వెళ్ళిపోయారు" అని పెట్టాడు. ‘ఇంటికి’ అన్న మాట మింగేశాడు. తెనాలిలో మా పెద్దమ్మ శోకాలందుకుంది. గ్రూపులో వరసగా నాలుగు ‘ఓం శాంతి’లు పడ్డాయి. ఐదోది పడేలోపు మావయ్యే వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఒరేయ్, నేను కారులో ఉన్నాను, మంగళగిరి దాటాం." ఇప్పుడు నవ్వుకుంటున్నాం గానీ పెద్దమ్మకి ఆ రోజు బీపీ మాత్ర రెండోసారి వెయ్యాలా అని డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సొచ్చింది. అందుకని ‘వెళ్ళిపోయారు’, ‘అయిపోయింది’, ‘తీసుకెళ్ళిపోయారు’ లాంటి మాటలు ఆ రోజుల్లో పక్కన పెట్టండి. ‘ఇంటికొచ్చేశారు’ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

బాధ చెప్పేటప్పుడు అంకె చెప్పండి, వేళ చెప్పండి. "కాస్త ఆయాసంగా ఉందంట" అన్న మాట నలుగురి నోళ్ళు దాటేసరికి "ఆక్సిజన్ పెట్టారంట" అవుతుంది. ఒక నోటుపుస్తకంలో రోజుకి నాలుగు సార్లు జ్వరమూ, ఆక్సిజనూ రాసి ఆ పేజీ ఫోటో పంపితే చాలు. ఆక్సీమీటరు పెట్టేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్దండి, గోరింటాకూ గోళ్ళరంగూ లేని వేలికి పెట్టండి. కోవిడ్‌లో 94 ఆ పైన ఉంటే ఇంట్లో ఉండి చూసుకోమన్నారు, అంతకు తగ్గితే డాక్టరుకి చెప్పమన్నారు. తగ్గినప్పుడు "ఏం చెయ్యమంటారు?" అని గ్రూపులో అడుగుతూ కూర్చోకండి. ముందు డాక్టరుకో 108కో చెయ్యండి, చుట్టాలకి తర్వాత. గ్రూపులో వచ్చే సలహా ఎలా ఉంటుందో చూశాం కదా: కర్పూరం, వాము మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని. పెరగదు. రెండు బాణం గుర్తులతో వచ్చిన మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్లో వాట్సాప్ వాటిని ఒక్కసారికి ఒక్కరికే, లేదా ఒక్క గ్రూపుకే పంపేలా కట్టడి చేసింది. ఆ ఒక్కరికీ మీరు పంపకపోతే ఇంకా మంచిది.

‘బెడ్ కావాలి’ అని పెడితే తేదీ, టైము వెయ్యండి. దొరికాక ‘దొరికింది’ అని మళ్ళీ పెట్టండి. లేకపోతే వారం దాకా ఎవరో ఒకరు ఆ నంబరుకి చేస్తూనే ఉంటారు. పేరూ, డోర్ నంబరూ కనబడేలా రిపోర్టు ఫోటో పెట్టకండి.

జ్వరంతో ఉన్న మనిషి చేత నలభై ఫోన్లు మాట్లాడించకండి. దగ్గుతూ అందరికీ అదే కథ చెప్పాలి పాపం. కబుర్లన్నీ ఇంట్లో ఒక్కరే చెప్పాలి, రోజూ సాయంత్రం ఒకే వేళకి. చావు కబురు మాత్రం గ్రూపులో ముందు పెట్టొద్దు. దగ్గరివాళ్ళకి ఫోన్ చేసి, పక్కన మనిషున్నారో లేదో, బండి మీద ఉన్నారేమో కనుక్కుని చెప్పండి. పెద్దవాళ్ళ దగ్గర దాచడం నాకు నచ్చదు. మన గొంతు బట్టే వాళ్ళకి సగం తెలిసిపోతుంది.

ఇక మంచి కబురు. ఊరంతా ఏడుస్తుంటే మనం నవ్వడమేంటని చాలామంది దాచుకున్నారు. దాచకండి. మూడు రోజుల కింద మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉన్న గ్రూపులో పుట్టినరోజు కేకు పెట్టకండి, అంతే. విడిగా పంపండి. మూడో రోజు ఆవకాయ తిరగేస్తే నూనె తేలిందన్నది కూడా ఆ రోజుల్లో కబురే.

మా అమ్మ పది రోజులు పడమటి గదిలో ఒక్కతే ఉంది. రోజూ తలుపు బయట నిలబడి జ్వరం లెక్క అడిగేవాణ్ణి, చెప్పేది, ఇద్దరం ఊరుకునేవాళ్ళం. నాలుగో రోజు ఏం మాట్లాడాలో తోచక "కుండీలో మల్లె మొగ్గేసిందమ్మా, పదిహేడున్నాయి" అన్నాను. మర్నాడు నేను అంకె అడగకముందే లోపలి నుంచి గొంతు: "ఇవాళ ఎన్నిరా?"